హాజరుపట్టీ

ఆదివారం పూట ఇంటి యజమాని ఇంటిపట్టున ఉండాలని మా ఆవిడ సిద్ధాంతం. ఉండి ఏం చెయ్యాలో ఆమె ఎన్నడూ చెప్పలేదు, ఉండటమే ప్రధానం. అంచేత, ఏడాదిన్నరగా నేను ప్రతి ఆదివారం తెల్లవారగానే సంచీ భుజాన తగిలించుకొని ఆళ్ళగడ్డ బస్సు ఎక్కుతూ ఉంటే, "ఆ రాళ్ళల్లో మీకేం పనండీ?" అని ఆమె అడగటంలో అన్యాయమేమీ లేదు. పాఠం చెప్పి వస్తున్నానంటాను. "వారంలో ఆరు రోజులు చెప్పింది చాలదా?" అంటుంది. అసలు కారణం ఆమెకు నేను చెప్పలేదు. ఈ పత్రిక మా ఇంటికి వస్తుంది గనక ఇక తెలియక తప్పదు.

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు నలభై కిలోమీటర్ల పైచిలుకు. ఎడమచేతి వైపు నల్లమల కొండలు దూరంగా వెంట వస్తూనే ఉంటాయి. శిరివెళ్ల దాటి ఊరు దగ్గర పడిందంటే రోడ్డు పక్కన రేకుల షెడ్లు, షెడ్ల ముందు దేవుళ్ళు కనబడతారు. తల మాత్రమే అయిన హనుమంతుడు, మొహం ఇంకా రాని అమ్మవారు, కాళ్ళ దాకా వచ్చి ఆగిపోయిన నంది. వాళ్ళ మధ్య రాజకీయ నాయకులు కూడా ఉంటారు. బతికున్నన్నాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్ళు ఇక్కడ భుజాలు రాసుకుంటూ నిలబడి, ఏ ఊరి కూడలికి లారీ వస్తుందా అని ఎదురుచూస్తూ ఉంటారు. ఆళ్ళగడ్డ రాతి చెక్కడానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కొత్తగా కట్టే గుడులకు దేవుళ్ళు ఇక్కణ్ణుంచి చాలా దూరాలకే వెళుతుంటారు.

నేను దిగే షెడ్డుకు పేరు లేదు, బోర్డు లేదు. అయినా అది బడే. పదిహేనేళ్ళవాడి నుంచి ఇరవైరెండేళ్ళవాడి దాకా ఎనిమిది మంది అక్కడ పని నేర్చుకుంటున్నారు. గంట కొట్టేవాడు లేడు, హాజరు పిలిచేవాడు లేడు. పొద్దున్నే నేల ఊడ్చి నీళ్ళు చల్లుతారు. విశ్వకర్మ పటానికీ, పక్కనే ఉన్న బ్రహ్మంగారి పటానికీ దణ్ణం పెట్టుకుంటారు. వీరబ్రహ్మంగారు పశువులు కాసిన బనగానపల్లె ఈ జిల్లాలోనే ఉంది. ఆయన మఠం పక్క జిల్లాలో ఉంది. ఈ పనివాళ్ళకు ఆయన పటంలో దేవుడే గాక, ఇంటి పెద్ద కూడా.

కొత్తగా చేరినవాడికి బొమ్మ ఇవ్వరు. మొదట కొలిమి దగ్గర కూచుని ఉలులకు పదును పెట్టాలి. ఆ తర్వాత ఒక బండ ఇచ్చి, దాన్ని చదును చెయ్యమంటారు. ఇదేం బ్రహ్మవిద్య అనుకున్నాను నేను. కొలబద్దకు కావి పూసి బండమీద జరుపుతారు. ఎత్తుగా ఉన్న చోటల్లా ఎర్రటి మచ్చ అంటుతుంది. ఆ మచ్చమీద ఉలిపెట్టి కొట్టాలి. మళ్ళీ కావి, మళ్ళీ జరపటం, మళ్ళీ మచ్చలు. బండ అంతా ఒకేసారి ఎర్రబడిననాడు అది చదునైనట్లు. ఎంతకాలం పడుతుందని ఒక పిల్లవాణ్ణి అడిగితే, "మొదటిదానికి నెల పట్టినాది సార్. రెండోదానికి ఇంకా ఎక్కువ పట్టినాది" అన్నాడు. రెండోదానికి ఎందుకు ఎక్కువ? "మొదటిదాంట్లో తప్పులు నాకు కనపడల్యా" అన్నాడు. ఈ సంగతి మా డిగ్రీ విద్యార్థులకు ఎలా చెప్పాలో నాకింకా తోచలేదు.

చదును వచ్చాక పద్మపీఠం రేకులు, తర్వాత లతలు, తర్వాత నగలు, ఆ తర్వాత చేతులూ కాళ్ళూ. మొహం బాగా ఆలస్యంగా వస్తుంది. అన్నిటికన్నా చివర కళ్ళు. విగ్రహానికి కళ్ళు తెరవటం ఆ షెడ్డులో ఒక్కడే చేస్తాడు. ఆ సమయంలో మిగతావాళ్ళు సుత్తులు కింద పెట్టి ఊరుకుంటారు.

ఆ ఒక్కడి గురించే నేను చెప్పవలసింది.

2011లో అతను మా కాలేజీలో బి.ఏ. రెండో సంవత్సరం చదివేవాడు. వెనకబెంచీ. వారానికి రెండు రోజులు వస్తే గొప్ప. వచ్చినప్పుడు కూడా జుట్టులో తెల్లటి పొడి ఉండేది. పరీక్షలకు ముందు హాజరు లెక్కలు వేశాం. నూటికి డెబ్బయి అయిదు ఉండాలి. అతనికి నలభై కూడా లేదు. తరగతిలో నిలబెట్టి కారణం అడిగాను. "షెడ్డులో పనుంది సార్. నాయనకు బాగల్యా" అన్నాడు. దానికి నేనన్న మాట పద్నాలుగేళ్ళయినా నాకు అక్షరం పోకుండా గుర్తుంది. "రాళ్ళు కొట్టుకునేవాడికి ప్రబంధాలెందుకురా?" అన్నాను. తరగతి నవ్వింది. తరగతులు అలాంటి వాటికి నవ్వుతాయి. అది తెలిసే కొందరు మాస్టర్లు అలాంటివి అంటారు. మరునాటి నుంచి అతను రాలేదు. పేరు కొట్టేశాం. ఎర్రసిరాతో ఆ గీత గీసింది నేనే.

రెండేళ్ళ క్రితం మా కాలేజీలో సరస్వతి విగ్రహం పెట్టాలనుకున్నారు. తెలుగు మాస్టరుకు కాక సరస్వతి ఇంకెవరికి తెలుస్తుందని, బేరానికి నన్ను పంపారు. నాలుగు షెడ్లు తిరిగి అయిదోదానిలో అడుగుపెట్టగానే, ముక్కుకు గుడ్డ కట్టుకున్న మనిషి లేచి నిలబడి గుడ్డ తీసి, "సార్, బాగుండారా?" అన్నాడు. నేను పోల్చుకోలేదు. అతనే చెప్పాడు. పిల్లలందర్నీ పిలిచి, "ఈ సారు నాకు తెలుగు చెప్పినారు. కాళ్ళకు మొక్కండ్రా" అన్నాడు. వాళ్ళు మొక్కారు. నా కాళ్ళకు ఎప్పుడూ అంత బరువు తెలియలేదు. ఆ మాట అతనికి గుర్తుందో లేదో ఈరోజుకూ నాకు తెలియదు. మరచి ఉంటాడని అనుకోవటం నాకు సౌకర్యంగా ఉంది గాని, బండమీద వెంట్రుకవాసి ఎత్తు కనిపెట్టేవాడు అంత తేలిగ్గా మరుస్తాడా?

సరస్వతి తయారయ్యేదాకా నాలుగైదు సార్లు వెళ్ళాను. అప్పుడే ఒకరోజు పిల్లలు ధ్యానశ్లోకాలు వల్లించటం విన్నాను. ఏ దేవుడికి ఎన్ని చేతులు, ఏ చేతిలో ఏ ఆయుధం, ఏ కాలు మడవాలి, ఏ నగ ఎక్కడ అనే వివరాలన్నీ శ్లోకంలో ఉంటాయి. పుస్తకం చూసి కాదు, నోటి నుంచి నోటికి వచ్చినవి. వచ్చే దారిలో అరిగిపోయాయి. ఒక పిల్లవాడు శంఖ చక్ర గదా పద్మాలు అన్నాడు. గదా అంటే ఏమిట్రా అని అడిగాను. "ఔను గదా అన్నట్టు సార్" అన్నాడు. నేను నవ్వాను. అతను నవ్వలేదు. "ఇదే సార్ నా బాధ. పదం తెలీకుండా చేతికి ఏం ఇస్తారు వీళ్ళు?" అన్నాడు.

అతని బాధ చిన్నదేమీ కాదు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు సంధ్యావందనంలో కేశవ, నారాయణ, మాధవ అని మొదలుపెట్టి ఇరవైనాలుగు నామాలు చెప్తారు గదా. నామాలు అన్ని ఎందుకని నేనెప్పుడూ ఆలోచించలేదు. విష్ణువుకు చేతులు నాలుగు, పట్టుకునేవి నాలుగు. నాలుగు వస్తువుల్ని నాలుగు చేతుల్లో మార్చి మార్చి పెడితే ఇరవైనాలుగు వరుసలొస్తాయి. ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క నామం. శంఖం ఉండవలసిన చేతిలో గద పెడితే చూసేవాడికి తేడా తెలియకపోవచ్చు. కేశవుడు కావలసినవాడు మాత్రం ఇంకొకడవుతాడు. లెక్కల మాస్టరు రెండు నిమిషాల్లో తేల్చే ఈ సంగతి నాకు నలభై అయిదో ఏట ఆళ్ళగడ్డలో తెలిసింది.

ఆ ఆదివారం నుంచి నేను అక్కడ తెలుగు మాస్టర్ని. జీతం లేదు. మధ్యాహ్నం ఒకరింటి నుంచి రాగిసంగటి, ఊరుబిండి వస్తాయి. పొద్దున్న ఉగ్గాని, బజ్జీ. జీతమే నయమని డాక్టరు అంటాడేమో తెలియదు.

శ్లోకం పదాలు విడగొట్టి చెప్తాను. కేయూరం అంటే దండకు పెట్టుకునేదని నేను నోటితో చెప్పేలోపు ఒకడు బొగ్గుముక్కతో నేలమీద వేసి చూపిస్తాడు. కొలతల దగ్గర మాత్రం నేనే విద్యార్థిని. వాళ్ళ అంగుళం మన వేలి అంగుళం కాదు, స్కేలు మీది అంగుళమూ కాదు. విగ్రహం ఎత్తునే భాగాలు చేస్తారు. పన్నెండు అంగుళాలైతే ఒక తాళం. మొహం ఒక తాళం. ఉత్తమ దశతాళంలో ప్రధాన దేవుడికి 124 భాగాలు, అమ్మవారికి 120. వినాయకుడికి అయిదు తాళాలే. అందుకే ఆయన బొజ్జతో పిల్లవాడిలా ఉంటాడు. జానెడు బొమ్మకైనా, రెండు నిలువుల విగ్రహానికైనా లెక్క ఒకటే. రాయి కూడా దొరికింది తీసుకోరు. కొట్టి వింటారు. గంటలా మోగేది పురుష శిల, అది మూలవిరాట్టుకు. కంచులా పలికేది స్త్రీ శిల. పలకనిది పునాదుల్లోకి. పలకని రాళ్ళ సంగతి విన్నప్పుడు వెనకబెంచీలు గుర్తొచ్చి, నేను ఆరోజు ఇంకేమీ అడగలేదు.

ఒకసారి నేనే చిక్కులో పడ్డాను. అహోబిలం అక్కడికి పాతిక కిలోమీటర్ల లోపే ఉంటుంది గనక ఆ షెడ్డులో నరసింహస్వామికి గిరాకీ జాస్తి. ఎర్రన నృసింహపురాణం రాసి అహోబిల స్వామికే అంకితమిచ్చాడని పిల్లలకు గర్వంగా చెప్పి, స్తంభం పగిలే ఘట్టం ఇరవయ్యేళ్ళుగా తరగతిలో చెప్పే పద్ధతిలో చేతులూపుతూ చెప్పాను. అంతా విని, పదిహేనేళ్ళ పిల్లవాడొకడు, "అప్పుడు స్వామికి ఎన్ని చేతులు సార్? ఏ కాలు ముందు పెడతాడు?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. ఇరవయ్యేళ్ళలో నాకు ఆ ప్రశ్న వెయ్యాలని తోచలేదు, ఏ విద్యార్థీ నన్ను అడగలేదు. వీడు వేళాకోళానికి అడగలేదు. రేపు పొద్దున్న వాడు ఆ కాలు చెక్కాలి.

ఆ పిల్లవాడు అతని అక్క కొడుకు. మిగతావాళ్ళకు మూడేళ్ళు పట్టింది వీడికి ఏడాదిలో వచ్చిందని పెద్దపిల్లలే చెప్తారు. చెప్పేటప్పుడు వాళ్ళ గొంతులో ఈర్ష్య లేకపోవటం నాకు వింతగా ఉండేది. వాడు సెలవుల్లోనూ, సాయంత్రాలూ వచ్చేవాడు. మొన్న పదో తరగతి పాసయ్యాడు. 600కు 541.

ఇక్కణ్ణుంచి సంగతి కష్టం.

షెడ్డులో ఇప్పుడు సుత్తి చప్పుడు కన్నా గ్రైండరు రొద ఎక్కువ. ఉలితో పదిరోజులు పట్టే పని గ్రైండరుతో రెండురోజుల్లో తెమిలిపోతుంది. కొనేవాడు రెండురోజుల ధరే ఇస్తాడు. ఉలి దెబ్బకు రాయి పెచ్చులుగా రాలుతుంది. గ్రైండరు దాన్ని పిండి చేసి గాలిలో కలుపుతుంది. గ్రానైటు పిండిలోని సన్నటి భాగం కంటికి కనబడదు, గుడ్డకు ఆగదు; ఊపిరితిత్తుల్లో దిగితే మళ్ళీ బయటికి రాదు. దాన్ని సిలికోసిస్ అంటారు. నయం చేసే మందు లేదు. చాలాసార్లు క్షయ అని పొరబడి ఆ మందులే మింగిస్తారు. అతని తండ్రికి జరిగింది అదే. 2011లో "నాయనకు బాగల్యా" అంటే అర్థం అది. రెండేళ్ళు దగ్గి, 2013లో పోయారు.

నీళ్ళు పోస్తూ కోస్తే దుమ్ము లేవదని నేను ఎక్కడో చదివి, ఘనంగా చెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు. "పెద్ద కోత అట్లనే కోస్తాం సార్. సన్నపనికి నీళ్ళు పోస్తే కావి గీతలు కొట్టుకపోతాయి. గీత పోతే లెక్క పోతాది" అన్నాడు. మంచి ముసుగులు కొని ఇచ్చాను. రెండు వారాలు పెట్టుకున్నారు. ఎండాకాలం వచ్చింది. నంద్యాల ఎండ తెలిసినవాళ్ళకు మిగతాది చెప్పనక్కరలేదు.

ప్రభుత్వం చెయ్యలేదని కాదు. 2023 సెప్టెంబరు 17న కేంద్రం వారు విశ్వకర్మ పథకం పెట్టారు. శిక్షణకు రోజుకు 500 భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి అప్పు. రాయి చెక్కేవారు కూడా ఆ జాబితాలో ఉన్నారు. అతనూ వెళ్ళాడు. పదేళ్ళ వయసు నుంచి చేస్తున్న పనికి వారంలోపు శిక్షణ పొందినట్లు పత్రం ఇచ్చారు. దాన్ని చక్కగా అద్దం కట్టించి బ్రహ్మంగారి పక్కన తగిలించాడు. వెటకారమేమీ లేదు. అతనికి ఈ పనికి కాగితం ఒకటి రావటం అదే మొదలు.

పోయిన ఆదివారం నేను వెళ్ళేసరికి అక్క వచ్చి కూచుని ఉంది. కొడుకు మార్కుల కాగితం ప్లాస్టిక్ సంచీలో పెట్టుకొని తెచ్చింది. "ఇంటర్‌లో ఎం.పి.సి. చేర్పిస్తా సార్. మా తమ్ముడు ఊ అనడు, ఉహూ అనడు. మీరొక మాట చెప్పండి" అంది. అతను అటు తిరిగి ఉలి చూసుకుంటున్నాడు.

తిరుపతి ఉంది గదా అన్నాను నేను. తిరుమల తిరుపతి దేవస్థానంవారు 1960లో పెట్టిన శిల్పకళాశాల ఉంది. పదో తరగతి పాసైతే చాలు. రాతిశిల్పం, ఆలయ నిర్మాణం, లోహశిల్పం వంటి వాటిలో నాలుగేళ్ళ డిప్లొమా. చదువుకు చదువూ, పనికి పనీ. మహాబలిపురంలో తమిళనాడు వారిది 1957 నుంచీ ఉంది. ఇవన్నీ చెప్పి, రెండు వైపులా తెగకుండా మాట్లాడినందుకు లోపల్లోపల సంతోషించాను.

ఆమె అంతా విన్నది. "అక్కడ నేర్చినా కడాకు చెక్కేది రాయే గదా సార్. దుమ్ము డిప్లొమా చూసి ఆగుతాదా?" అంది. తర్వాత, నన్ను నొప్పించాలని కాదు, మామూలుగానే, "మీ అబ్బాయి ఏం చదువుతాండాడు సార్?" అని అడిగింది.

మా అబ్బాయి బెంగుళూరులో ఇంజనీరింగు. మా నాన్న పురాణం చెప్పేవారు. మా ఇంట్లో పురాణం నాతోనే ఆగిపోతుంది, ఆపింది నేనే. ఫీజు కట్టి ఆపాను. అప్పుడు కళ నశించిపోతోందని నాకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. ఇచ్చినా వినేవాణ్ణి కాను. ఒకణ్ణి రాయి వదల్లేదని తరిమాను. ఇప్పుడు ఇంకొకణ్ణి రాయి వదలవద్దని చెప్పటానికి నోరు వస్తుందా? అలాగని వదిలెయ్యమని అనాలన్నా, నరసింహుడి కాలు అడిగినవాడు ఎదురుగా కూచున్నాడు.

ఏమీ తోచక వాణ్ణే అడిగాను. "నువ్వేమంటావురా?" అన్నాను. ఇంతసేపటికీ ఎవరమూ ఆ పని చెయ్యలేదు.

వాడు వాళ్ళమ్మ వైపు చూడలేదు, మామ వైపు చూశాడు. "కండ్లు తెరిచేది మామ నాకింకా నేర్పల్యా సార్" అన్నాడు.

షెడ్డులో గ్రైండర్లు అప్పుడు ఆగి ఉన్నాయో, ఎవరైనా ఆపారో నేను గమనించలేదు. అతను ఉలి పక్కన పెట్టి, గుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. అక్క మార్కుల కాగితాన్ని మడతలు పోకుండా మళ్ళీ సంచీలో పెట్టింది. ఇంటర్‌లో చేరటానికి గడువు ఇంకా పదిరోజులుందట. ఆ మాట ఆమె ఎవరితోనూ అననట్లుగా అని, అందరికీ మజ్జిగ పోసింది. నేను ఆరోజు పాఠం చెప్పలేదు. కేశవ నామాలు పన్నెండో దాని దగ్గర ఆగి ఉన్నాయి.

పదిరోజుల్లో ఒక ఆదివారం ఉంది. ఆ పూట కూడా నేను ఇంట్లో ఉండనని మా ఆవిడకు ఈ పత్రికాముఖంగా మనవి.